రేడియో కంట్రోల్ విమానానికి కొత్త ప్రొపెల్లర్‌ను ఎంచుకోవడం ఎలా?

విమానం ముక్కు నేలకు తగిలి ప్రొపెల్లర్ విరిగితే, ముక్కలను పారవేసే ముందు దాని రెక్క మీది అంకెలను చదవండి. 8×6 అని ఉంటే మొదటిది అంగుళాలలో వ్యాసం. రెండవది పిచ్, అంటే గాలిలో జారుడు లేకపోతే ఒక్క చుట్టుకు అది ముందుకు సాగే దూరం. అదే కొలత, అదే రకం దొరికితే వెతుకులాట అక్కడితో ముగిసినట్లే. విరిగినదాన్ని మాత్రం జిగురుతో అతికించి వాడకండి.

కొలత దొరకనప్పుడే లెక్క అవసరమవుతుంది. తిరిగే వేగం మారకపోతే, మోటారుపై భారం సుమారుగా వ్యాసపు నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. పిచ్‌తోనైతే దాదాపు నేరుగా పెరుగుతుంది. అందువల్ల 8×6 స్థానంలో 9×6 బిగిస్తే, పెరిగింది ఒక్క అంగుళమే కదా అనిపించినా, అదే వేగంతో తిప్పడానికి దాదాపు 60 శాతం అదనపు శక్తి కావాలి, మోటారూ, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ మాడిపోయేది ఇలాంటి చోటే. 9×4 అయితే పాత భారానికి దగ్గరగా ఉంటుంది. లాగుడు బాగుంటుంది గానీ గరిష్ఠ వేగం తగ్గుతుంది. వ్యాసం పెంచితే రెక్క కొసకూ నేలకూ మధ్య ఖాళీ మిగులుతుందో లేదో కూడా చూడాలి.

తరువాత రకం చూడండి. ఎస్‌ఎఫ్ అని ఉండే స్లో ఫ్లయర్ రెక్కలు పలుచనివి. ప్రొపెల్లర్ల తయారీ సంస్థ ఏపీసీ వాటికి విధించిన వేగ పరిమితి, 65,000ను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. 10 అంగుళాలదానికి అది నిమిషానికి 6,500 చుట్లు. 1000 కేవీ (అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) మోటారు 11.1 వోల్టుల బ్యాటరీపై, భారం లేనప్పుడు 11,100 చుట్లు తిరుగుతుంది కనుక, ప్రొపెల్లర్ బిగించాక వేగం తగ్గినా ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. ఎలక్ట్రిక్ మోటార్లకు చేసిన ప్రొపెల్లర్‌ను ఇంధన ఇంజన్‌కు ఎన్నడూ బిగించవద్దు.

ప్రొపెల్లర్ మధ్య రంధ్రం మోటారు ఇరుసు కంటే పెద్దదైతే సరిపడే రింగు వేయండి. అక్షరాలున్న వైపు విమానం సాగే దిశకు ఉండాలి. వెనుక మోటారు ఉన్న విమానాలలోనూ ఇదే నియమం. బ్యాలెన్సర్‌పై ఒక రెక్క కిందికి వాలితే, తేలిక రెక్క వెనుక చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు.

చివరగా విమానాన్ని గట్టిగా కట్టి, ప్రొపెల్లర్ తిరిగే తలానికి పక్కకు జరిగి వెనుక నిలబడి, నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీతో కొన్ని క్షణాలు పూర్తి థ్రాటిల్ ఇచ్చి వాట్‌మీటర్‌లో ఆంపియర్లు చూడండి. 30 ఆంపియర్ల ఈఎస్‌సీపై 28 కనిపిస్తే, నేనైతే పిచ్ ఒక అంగుళం తగ్గించి మళ్లీ కొలుస్తాను.