రైలు చివర అద్దాల బోగీ: సాబ్‌ది ఏది, మనం ఎక్కేది ఏది, ఎక్కినంక ఏం చూడాలె

సికింద్రాబాద్ స్టేషన్‌ల ఎప్పుడన్నా ట్రైన్ చివరికి ఒక వేరే బోగీ తగిలించి ఉండుడు చూసిండ్రా? వెనక గోడ మొత్తం పెద్ద అద్దాలు, లోపల కుర్చీలన్నీ వెనక్కి తిరిగి ఉంటయి. చాలామంది దాన్ని చూసి విస్టాడోమ్ (సీనరీ చూడనీకి పైకప్పుకు గూడ అద్దాలు పెట్టిన బోగీ) అనుకొని, టికెట్ ఎట్ల దొరుకుతదని నన్ను అడుగుతుంటరు, అందుకే ఒక్కసారి రాసి పడేస్తే అయిపోతదని కూసున్న.

అది ఇన్‌స్పెక్షన్ కారు. స్టేషన్‌ల అందరు సెలూన్ అంటరు. జీఎం (జోన్ మొత్తానికి జనరల్ మేనేజర్), డీఆర్ఎం (డివిజన్ మేనేజర్) లాంటి పెద్ద ఆఫీసర్లు అందుల కూసొని లైన్ చూసుకుంట పోతరు, పేపర్లల్ల "రియర్ విండో ఇన్‌స్పెక్షన్" అని వచ్చేది ఇదే. మా పెద్దబాపు పట్టాలు బాగుచేసే రైల్వే గ్యాంగ్‌ల పని చేసిండు, ఆయన మాటల్ల చెప్పాలంటే "ముంగట చూసేటోడు డ్రైవరు, ఎనక చూసేటోడు సాబు". స్టేషన్ గోడలకు కొత్తగ సున్నం పడ్డదంటే జీఎం స్పెషల్ వస్తున్నదని లాలాగూడల చిన్నపిల్లలకు గూడ తెలుస్తుండె.

వెనకనుంచే ఎందుకు అంటే, ముందు నుంచి చూస్తే పట్టా మీదికి ఉరికొస్తది, కన్ను నిలువదు. వెనక నుంచి చూస్తే రెండు పట్టాలు దూరంగ పోయి కలిసేదాక కనబడతయి, ఎక్కడన్న చిన్న వంకర ఉన్నా గీత చెదిరినట్టు దొరికిపోతది. పైగా ట్రైన్ బరువు అప్పుడే దాని మీదినుంచి పోయింది కాబట్టి బోగీ ఎక్కడ ఊగింది, ఆ జాగల పట్టా ఎట్లుంది అనేది అప్పటికప్పుడే జోడించుకోవచ్చు. రెగ్యులర్ ట్రైన్‌కే తగిలిస్తే వేరే ట్రైన్ నడిపే పని ఉండదు, గేట్‌మన్ జెండా పట్టుకొని నిలబడ్డడా, స్టేషన్ మాస్టర్ సిగ్నల్ ఇస్తున్నడా అన్నది గూడ పోతుపోతనే తేలిపోతది. కాకపోతే పట్టా లోపలి పగులు కంటికి ఆనదు, దానికి అల్ట్రాసోనిక్ టెస్టింగ్ వేరే ఉంటది. ఊగుడు కొలవనీకి ఓఎంఎస్ మిషన్ బోగీ ఫ్లోర్ మీద పెడతరు. సిగ్నల్ ఎంత దూరం నుంచి కనబడుతున్నది చూడాలంటే ఇంజన్ల నిలబడాల్సిందే, ఇంకా దగ్గరగ అంటే పట్టాల మీద మనుషులు తోసే పుష్ ట్రాలీ, అన్నిటికన్న ముందు రోజు పొద్దుగాల్నే లైన్ మీద నడిచే కీమన్.

బోగీ పైకప్పు మీద ప్లాట్‌ఫాం ఉండి కరెంటు వైర్ల కింద ఆగి ఉంటే అది టవర్ వ్యాగన్, ఆ వైర్లు చూసుకునే ఓహెచ్ఈ వాళ్లది, విస్టాడోమ్ కాదు. మనం ఎక్కే విస్టాడోమ్‌కు అయితే పైకప్పులనే అద్దాలుంటయి, పక్క కిటికీలు ఇంతింత పెద్దగ, సీట్లు 44, కుర్చీలు గుండ్రంగ తిరుగుతయి, ఒక కొసకు నిలబడి చూసే లాంజ్ ఉంటది. ఇది ఉత్తగ సీనరీ చూడనీకి పెట్టింది.

హైదరాబాదోళ్లకు దగ్గర్ల దొరికేది పుణె శతాబ్ది. 2022 ఆగస్టు నుంచి దానికి విస్టాడోమ్ తగిలిస్తున్నరు. ఐఆర్‌సీటీసీ యాప్‌ల సికింద్రాబాద్ నుంచి పుణె కొడితే క్లాసుల్ల అది విడిగ కనబడుతది. మంగళవారం నడవదు, అయినా టైమింగులు ఒకసారి చూస్కొనే బుక్ చేయండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏందంటే పోయేటప్పుడే విస్టాడోమ్ తీసుకుంటరు. ఇక్కడినుంచి మధ్యాహ్నం బయల్దేరుతది, వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి దాక బానే ఉంటది, తర్వాత చీకటి పడ్డంక అద్దంల మన మొకమే కనబడుతది. భిగ్వాన్ దగ్గర ఉజని డ్యాం నీళ్లు చూడాలంటే పుణె నుంచి పొద్దున బయల్దేరే ట్రైన్‌లనే రావాలె. మీకు ఒక్క దిక్కుకే డబ్బులు పెట్టే ఓపిక ఉంటే వచ్చేటప్పుడు పెట్టండి. పోయేటప్పుడే ఎక్కితే మాత్రం కుడిపక్క సీటు మేలు, ట్రైన్ పడమరకు పోతది కాబట్టి మధ్యాహ్నం ఎండ ఎడమ దిక్కు కొడతది.

అరకు అయితే వేరే లెవెల్. వైజాగ్ నుంచి కిరండూల్ ట్రైన్‌కు 2017 ఏప్రిల్‌ల మొదటి విస్టాడోమ్ పెట్టిండ్రు. బొర్రా గుహలు, 58 సొరంగాలు, పైన అద్దం ఉన్న బోగీల సొరంగంలకు పోతే పిల్లలు ఒకటే కేకలు. ఆ లైన్ అసలు వేసింది బైలాడిలా ఇనుప ఖనిజం పోర్టుకు తేనీకి. రాత్రి ఇక్కడ ఎక్కి పొద్దున్నే వైజాగ్‌ల దిగి అదే పూట ఆ ట్రైన్ పట్టుకుందాం అనుకుంటే గంట లేటయినా పని చెడతది, ఒక రోజు ముందే చేరండి.

సెలూన్ ఎక్కాలనే కోరిక పోకపోతే దానికీ దారి ఉన్నది. 2018 మార్చిల ఐఆర్‌సీటీసీ ఢిల్లీ నుంచి కట్రాకు జమ్మూ మెయిల్‌కు సెలూన్ తగిలించి మామూలు జనాన్ని తీస్కపోయింది, రెండు బెడ్‌రూంలు, హాలు, కిచెన్. చార్టర్ కింద మొత్తం బోగీ బుక్ చేసుకోవాలె, ఒక్క కుటుంబానికి అయితే జేబుకు బొక్కే, బంధుబలగం కలిస్తే ఆలోచించొచ్చు.

ఇగ ఎక్కినంక సాబుల లెక్క లైన్ చూడాలంటే, ముందు కరెంటు స్తంభాల నంబర్లు చదువుడు నేర్చుకోండి. 52/14 అని ఉంటే 52వ కిలోమీటరు తర్వాత 14 నంబర్ స్తంభం అన్నట్టు, ఆఫీసర్లు లోపం ఎక్కడుందో రాసుకునేది గూడ అదే నంబర్‌తోటి. కిలోమీటరు రాయి నుంచి రాయికి ఎన్ని సెకన్లో చూసి 3600ని దాంతోటి భాగిస్తే స్పీడ్ వస్తది, 45 సెకన్లయితే 80, 36 అయితే 100. తర్వాత కంకర చూడండి. పట్టాల కింద అడ్డంగ ఉండే స్లీపర్ల కొసలకు కంకర నిండుగ ఉండాలె, ఎండాకాలం పట్టా సాగి పక్కకు తన్నుకోకుండ ఆపేది అదే. కంకర మధ్యల బురద పైకొచ్చి తెల్లగ ఎండిన మచ్చలు కనబడితే కింద మట్టి నీళ్లు పట్టుకుంటున్నదని. తాండూరు దిక్కు మొత్తం నల్లరేగడి, కందులకు బంగారం గానీ వానకు ఉబ్బి ఎండకు పగులుద్ది, దాని మీద లైన్ నిలుపుడు చిన్న పని కాదు. "సీ/ఫా" అని పసుపు బోర్డు వస్తే గేటు దగ్గర పడుతున్నదని, హారన్ వినబడాలె. లింగంపల్లి దాటి వికారాబాద్ పోయే దార్ల గుల్లగూడ, చిట్‌గిద్ద వస్తయి చూడండి, 2022 మార్చిల రైల్వే మంత్రి ఇంజన్ల కూసొని కవచ్ (ట్రైన్లు గుద్దుకోకుండ ఆపే సిస్టం) టెస్ట్ చేసింది ఆ రెండు స్టేషన్ల మధ్యనే.

ఇదంతా లోపల కూసొనే చేయండి, తలుపు దగ్గర వేలాడుడు, ఫొటోల కోసం లైన్ మీద నిలబడుడు వద్దు, లైన్ మీదికి పోతే రైల్వే యాక్ట్ 147 కింద కేసు అయితది. కుర్చీ తిరగకపోతే బలంగ గుంజకండి, అటెండెంట్‌ను పిలవండి, ముందుగాల పక్కసీటాయన కాళ్లు తీయమనండి.