లోడింగ్ కాయిల్ ముట్టుకునే ముందు

హామ్ రేడియోలో 160 మీటర్ల బ్యాండ్‌లో క్వార్టర్ వేవ్ (తరంగంలో పావు వంతు పొడవున్న) యాంటెన్నా అంటే దాదాపు 40 మీటర్లు. కొత్తపట్నంలో మన మేడ మీద అంత స్తంభం నిలబెట్టలేం, అందుకే పొట్టి యాంటెన్నాకి ఈ లోడింగ్ కాయిల్ (తీగ చుట్ట).

ముందు రిగ్ (రేడియో సెట్) ఆపి, పవర్ సప్లై వైరు ఊడదీసి మీ దగ్గరే పెట్టుకోండి. ఈ పని మాత్రం ఎవరికీ అప్పగించొద్దు. 100 వాట్లకే కాయిల్ పైకొసన వేల వోల్టులు రావచ్చు. ఆర్ఎఫ్ (రేడియో తరంగాల కరెంటు) వల్ల కాలిన గాయం లోపలికి దిగుతుంది, త్వరగా మానదు.

ట్యాప్ (కాయిల్ మీద వైరు కలిపే చోటు) మార్చాలి, దూరం జరగాలి, ఆ తర్వాతే 5 వాట్లతో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూడాలి. ఎన్నిసార్లయినా ఇదే వరుస.

సముద్రపు గాలికి తీగ మీద ఉప్పు పేరుకుంటుంది. మంచినీళ్లతో తుడిచి, బాగా ఆరనివ్వండి.

కరెంటు తీగలు దగ్గరుంటే నిచ్చెన వేయొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే, మబ్బు కమ్మగానే దిగిపోండి. పిల్లల్ని మేడెక్కనివ్వకండి.