ముందు ఇయర్‌ఫోన్ చూసుకోండి: కొత్త ఎలక్ట్రానిక్ ఆల్బమ్ వినే పద్ధతి

2020 అక్టోబర్ 16న బ్రిటన్ ఎలక్ట్రానిక్ సంగీత జంట ఆటెకర్ వాళ్ల ఆల్బమ్ 'సైన్' వచ్చింది. ఆ రాత్రి శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మా మేడ మీద చాప వేసుకుని పడుకుని, మొదటి ట్రాక్ పూర్తి కాకముందే ఫోన్‌లో పేజీన్నర రాసేశాను. ఎడమ చెవి మొత్తం ఖాళీగా వదిలేశారు, శబ్దమంతా కుడివైపుకే తోసేశారు, ఆ ఖాళీలోనే అసలు సంగీతం ఉంది, ఇంత ధైర్యం ఇంకెవరికుంది అని. మర్నాడు ఆఫీస్ కాల్‌లో మా మేనేజర్ కూడా కుడి చెవిలోనే మాట్లాడుతుంటే తెలిసింది, ఆ ధైర్యం వాళ్లది కాదు, నా నూటయాభై రూపాయల ఇయర్‌ఫోన్ వైరుది.

అందుకే మొదటి పని వైరు చూసుకోవడం. మీరు వెయ్యిసార్లు విన్న పాత సినిమా పాట ఒకటి పెట్టండి, వయొలిన్లు ఎటుంటాయో తబలా ఎటుంటుందో మీకు తెలిసిన పాట. అన్నీ వాటి వాటి చోట్లో వినిపిస్తే అప్పుడు కొత్త ఆల్బమ్ తెరవండి. ఫోన్‌లో బేస్ బూస్ట్, ఈక్వలైజర్, షఫుల్, ఒక ట్రాక్ తోకని ఇంకోదాని తలకి అతికించే క్రాస్‌ఫేడ్, అన్నీ ఆపేయండి. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ మీద ఈ రకం సంగీతం వినొద్దు. వంద హెర్ట్జ్ కంటే కింద ఉండే బేస్‌ని అంత చిన్న డబ్బా సరిగ్గా పలికించలేదు. 'సైన్' మొదటి ట్రాక్ 'ఎం4 లీమా'లో సగం కథ ఆ కిందే నడుస్తుంది, అది పోయాక మిగిలేది చిటపటలే.

దీనికి ఉల్టా కథ కూడా ఒకటుంది. 1975లో బ్రయాన్ ఈనో అనే ఇంగ్లండ్ సంగీతకారుణ్ని టాక్సీ గుద్దితే ఇంట్లో మంచం మీదున్నాడు. చూడ్డానికొచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు ఇచ్చి వెళ్లింది. అది పెట్టుకుని ఎలాగో పడుకున్నాక చూస్తే సౌండ్ బాగా తక్కువగా ఉంది, పైగా ఒకవైపు స్పీకర్ పలకడం లేదు, లేచి సరిచేసే ఓపిక లేదు, బయట వాన. ఆ వానలో కలిసీ కలవకుండా వినబడ్డ హార్ప్ వల్లే, గదిలో వెలుతురు ఎలా ఉంటుందో సంగీతం కూడా అలా ఉండొచ్చని తట్టిందని, ఆ ఏడాదే వచ్చిన తన ఆల్బమ్ 'డిస్క్రీట్ మ్యూజిక్' కవర్ మీద తనే రాసుకున్నాడు. ఆయనకి కుదిరింది. మనం వైరు మార్చుకుందాం.

సౌండ్ తక్కువలోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఈ ఆల్బమ్‌లలో నిమిషం సేపు ఏమీ లేనట్టుండి ఒక్కసారిగా మీద పడే చోట్లు ఉంటాయి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు అని, 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అయిపోతుందని, పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే అమెరికా వాళ్ల నియోష్ సంస్థ లెక్క. అంటే 94 దగ్గర గంటే. 'సైన్' నిడివే గంట దాటుతుంది, మీరే చూసుకోండి.

ఎక్కడ వినాలన్నది ఇంకా ముఖ్యం. ఆటెకర్ ఇద్దరూ, రాబ్ బ్రౌన్, షాన్ బూత్, మాంచెస్టర్ పక్కన రోచ్‌డేల్ వాళ్లు, కచేరీల్లో లైట్లన్నీ ఆపేసి చీకట్లో వాయిస్తారు. చూడ్డానికి ఏమీ లేకపోతే చెవే పనిచేస్తుందని. మనకి ఆ చీకటి కరెంటోళ్లు ఎప్పటికప్పుడు ఉచితంగానే ఇస్తుంటారు కాబట్టి వాడుకోండి. నాకు ఈ సంగీతం నిజంగా చెవికెక్కింది కూడా అలాగే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగా దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి, రోజుల తరబడి చీకటి. జనరేటర్ ఉన్న కొట్టు దగ్గర గంటసేపు నిలబడితే ఫోన్ సగం ఛార్జ్ అయ్యేది. నెట్ లేదు, ఉన్నదల్లా అంతకుముందు దింపుకున్న 'ఎన్‌టీఎస్ సెషన్స్'. ఆ ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లోని ఎన్‌టీఎస్ రేడియోలో నాలుగు విడతలుగా వేసిన ఎనిమిది గంటల సంగీతం అది. అప్పటిదాకా పది నిమిషాలు వినడం, ఆపేయడం, అంతే. దాని ఆఖరి ట్రాక్ 'ఆల్ ఎండ్' ఒక్కటే గంటకి రెండు నిమిషాలు తక్కువ. తాళం లేదు, పాట లేదు, పెద్ద హాల్లో గంట కొట్టాక మిగిలే మోత ఎంతకీ ఆరిపోకుండా రంగులు మారుతున్నట్టు ఉంటుంది. ఫ్యాన్ శబ్దం లేదు, ఫ్రిజ్ శబ్దం లేదు, వీధిలో టీవీ లేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎప్పుడూ వినలేదు నేను. ఆ నిశ్శబ్దం మీద ఆ ట్రాక్ మొత్తం విన్నాను, ఛార్జింగ్ నాలుగు శాతానికి వచ్చేసినా ఆపబుద్ధి కాలేదు. (పొద్దున్న అమ్మతో చీవాట్లు తిన్నాను, మా అక్క నరసన్నపేట నుంచి ఫోన్ చేస్తే కలవలేదట.)

తుపాను కోసం ఎదురుచూడమని కాదు. రాత్రి పదకొండు దాటాక ఫ్యాన్ ఒకటి తగ్గించుకుని పడుకుంటే చాలు.

ఇక ఏం వినాలి అనేది. కొత్తవాళ్లంతా ఇక్కడే ఇరుక్కుంటారు, రాగం కోసం వెతుకుతారు, దొరకదు, ఆపేస్తారు. రాగం పక్కన పెట్టి రెండే ప్రశ్నలు వేసుకోండి: ఏది తిరిగొస్తోంది, వచ్చినప్పుడల్లా ఏం మారుతోంది?

మా వైపు పుట్టినవాళ్లకి ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన పనే. పలాసలో జీడిపిక్కలు కొట్టే షెడ్డు పక్కన రెండు నిమిషాలు ఆగండి. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు, ఒక్కొక్కరి ముందు ఒక మిషను, పిక్కని బ్లేళ్ల మధ్య పెట్టి నొక్కితే టక్. ఒకామె వేగం వేరు, పక్కామె వేగం వేరు, మూడో ఆవిడ మాటల్లో పడి మధ్యలో ఆగుతుంది. కొంతసేపు గోలగా ఉంటుంది. కాసేపటికి నాలుగైదు టక్కులు ఒకేసారి పడి ఎవరో తాళం వేసినట్టు వినిపిస్తుంది, మళ్లీ విడిపోతాయి. ఎవరూ తాళం వేయలేదు, వేర్వేరు వేగాలు ఒక చోట కలిశాయి, అంతే. ఈనో ఆల్బమ్ 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'లో గొంతులు మాత్రమే ఉండే ట్రాక్ ఒకటుంది, దాని కిటుకు సరిగ్గా ఇదే. ఒక్కో స్వరం ఒక్కో టేపు ముక్క మీద ఉంటుంది, ఒకటి 23.5 సెకండ్లకోసారి తిరిగొస్తే ఇంకోటి 26కి కాస్త ముందు, మరోటి 30కి కాస్త ముందు. వాటిని వదిలేస్తే అవే కలుసుకుంటూ విడిపోతూ ఉంటాయి, ఒకసారి వచ్చిన కలయిక మళ్లీ రావడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

అసలు తిరిగిరాకపోవడం కూడా ఒక పద్ధతే. 1994లో బ్రిటన్ ప్రభుత్వం రేవ్ పార్టీల మీద, అంటే రాత్రంతా ఎలక్ట్రానిక్ సంగీతానికి ఆడే పార్టీల మీద, బిల్లు తెచ్చి, అందులో 'పదే పదే వచ్చే దరువు' అని ఆ సంగీతానికి నిర్వచనం రాసింది. దానికి నిరసనగా ఆటెకర్ వాళ్లు ఆ ఏడాదే 'యాంటీ' అనే రికార్డు తీసి, అందులో 'ఫ్లట్టర్' అనే ట్రాక్‌లో ఏ బారులోని (బారు అంటే మన ఆవర్తం లాంటిది) దరువూ ఇంకో బారులో రాకుండా కట్టారు. అయినా పోలీసులు వస్తే చూపించడానికి ఒక లాయర్నీ ఒక సంగీత పండితుణ్నీ పక్కనుంచుకోండి అని డీజేలకి సలహా కూడా అచ్చేశారు. ఆ ట్రాక్ పెట్టుకుని వేళ్లతో దరువు పట్టుకోడానికి ప్రయత్నించండి. కాలు ఆడుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం తప్పుతూనే ఉంటాయి.

మాటలు దొరకడం లేదని చాలామంది అంటారు. ఫిల్టర్, గ్రాన్యులర్ అని ఇంగ్లీషులో చదివి భయపడతారు గానీ ఇవన్నీ మన చెవిలో ఉన్న శబ్దాలే. పెళ్లి ఊరేగింపు సౌండ్ బాక్సులు పక్క వీధిలో మోగుతుంటే మీకు పాట వినబడదు, గోడలు పైస్వరాలన్నీ మింగేసి డుబ్ డుబ్ ఒక్కటే వదులుతాయి, ఊరేగింపు మీ వీధి మలుపు తిరగ్గానే సన్నాయీ గొంతూ ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. ఫిల్టర్ తెరవడం అంటే అదే. గ్రాన్యులర్ అంటే శబ్దాన్ని సెకండులో ఎన్నో వంతు ఉండే నలుసులుగా తరిగి మళ్లీ చల్లడం. అమ్మ చేటలో బియ్యం చెరుగుతుంటే దగ్గరికెళ్లి వినండి, ఒక్కో గింజ చేటకి తగిలే చప్పుడు విడిగా ఉంటుంది, నాలుగడుగులు వెనక్కొస్తే అదంతా ఒకటే జల్లు. జముకుల కథ విన్నవాళ్లకి స్వరం జారడం గురించి చెప్పక్కర్లేదు. చంకలో జముకు, అడుగున బిగించిన చర్మంలోంచి వచ్చే తంతి, దాన్ని లాగి మీటుతుంటే గుమ్ అని మొదలై వూఁ అని పైకి పాకే ఆ శబ్దం, నాకైతే ఏ సింథ్‌లో (కరెంటుతో శబ్దం పుట్టించే వాయిద్యం) బేస్ జారినా ముందు అదే గుర్తొస్తుంది.

ఇదంతా తెల్లోళ్ల సంగీతం, మనకెందుకు అని మా ఊళ్లోనే అన్నవాళ్లున్నారు. వాళ్లతో వాదన పెట్టుకోను. 1982లో ముంబైలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా సంగీతకారుడు రోలాండ్ కంపెనీ మిషన్లు మూడు, దరువుకి 808, బేస్‌కి 303, జూపిటర్-8 సింథ్, ముందేసుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించిన రికార్డు ఉంది, అది వినిపిస్తాను. చికాగోలో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టడానికి ఐదేళ్ల ముందు, అదే 303తో. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ అచ్చేస్తే ప్రపంచం నోరు తెరిచింది.

రాయాలనుకుంటే, మొదటిసారి వినేటప్పుడు రాయొద్దు. నేను చేసిన తప్పే అది. రెండోసారి టైము మాత్రం రాసుకోండి, పక్కన నాలుగు మాటలు. నా నోట్స్ ఇలా ఉన్నాయి: 'ఎం4 లీమా, మొదట్లో: తడి కట్టె పొయ్యిలో పెట్టినట్టు. తర్వాత: పొగ వెనకాల ఎవరో హార్మోనియం తొక్కుతున్నారు. ఎఫ్7: దరువే లేదు, స్వరాలు కాస్త పక్కకి ఒరిగాయి, శ్రుతి తప్పిందా కావాలనా? మెటాజ్ ఫార్మ్8: ఇది ఏడిపిస్తోంది, ఎందుకో తెలీదు.' మూడోసారి విన్నాక వీటిలో ఏవి నిలబడ్డాయో చూసుకుని వాక్యాలు కట్టండి. 'మైండ్ బ్లాక్', 'వేరే లోకం', 'మాటల్లో చెప్పలేం' అని రాయాలనిపిస్తే చెయ్యి కట్టేసుకోండి, మాటల్లో చెప్పలేనప్పుడు రాయడం దేనికి.

నచ్చనిది కూడా రాయండి. అభిమానులు ఇక్కడ మొహమాటపడతారు. 'సైన్' నాకు ప్రాణం, కానీ మధ్యలో రెండు మూడు ట్రాకులు ఒకే మబ్బులోంచి కోసినట్టుంటాయి, ఇన్నిసార్లు విన్నాక కూడా పేరు చూడకుండా ఏది ఏదో చెప్పలేను. ఆ పేర్లు కూడా ఫైల్ పేర్లలా ఉంటాయి కాబట్టి చూసినా పెద్ద లాభం లేదనుకోండి. పైగా నేను ఇంకా మూడోసారి వింటుండగానే, రెండు వారాలైనా తిరక్కుండా, చెప్పాపెట్టకుండా 'ప్లస్' అని ఇంకో ఆల్బమ్ వదిలారు. అలాంటప్పుడు కంగారు పడొద్దు. పాతది ఆపేసి కొత్తదాని మీద పడితే రెండూ పోతాయి.

ఎవరికైనా వినిపించాలనుకుంటే ఆల్బమ్ మొత్తం పంపకండి, ఒక్క ట్రాక్ పంపండి, అది కూడా 'ఎఫ్7'. నేను తొందరపడి సోంపేటలో ఉన్న మా బావకి 'ఎం4 లీమా' పంపాను. నిమిషం తిరక్కుండా ఫోన్: "ఏటిరా ఇది, డౌన్‌లోడ్ పాడయినట్టుంది, గరగరమంటంది, మళ్లీ పంపు."

మళ్లీ పంపాను. అదే ఫైలు.

"ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నాడు.