అల్యూమినియం బ్రాకెట్లు అన్నీ ఒకేలా వంచాలంటే

ఒక బ్రాకెట్ వంచడం ఎవరికైనా వస్తుంది. అలాంటివే పది కావాలి, పదింటి రంధ్రాలూ కలవాలి అంటే మాత్రం కొంచెం ఏర్పాటు కావాలి. ఇంట్లో బెంచ్ వైస్, రెండు 25×25×5 మి.మీ. ఇనుప ఎల్ యాంగిల్ ముక్కలు ఉంటే సరిపోతుంది. వైస్ దవడలకి ఒక్కో యాంగిల్ పెట్టి, వాటి మధ్య షీట్ ముక్కని బిగించి వంచుతాం.

ముందు మెటీరియల్. కిటికీల సెక్షన్లు అమ్మే షాపుల్లో దొరికే పట్టీ చాలావరకు 6063 గ్రేడ్ అల్యూమినియం, గట్టిపరిచినది, దాన్ని పదునైన మూల మీద వంచితే బయటివైపు పగులుతుంది. 6061-టీ6 ఇంకా మొండిది. షీట్ షాపులో 5052-హెచ్32 అడగండి, లోపలి రేడియస్ షీట్ మందమంత ఉంచితే చక్కగా వంగుతుంది. వంపు గీత రోలింగ్ గీతలకు (షీట్ తయారీలో దాని మీద పడే సన్నని గీతలకు) అడ్డంగా రావాలి. వంపు గీతని మార్కర్‌తోనే పెట్టండి, సూదితో గీస్తే పగులు అక్కడే మొదలవుతుంది. అంచుల్లోని బర్ (కట్ చేసినప్పుడు మిగిలే గరుకు) కూడా ఫైల్‌తో తీసేయండి.

ఇక కట్ చేసే పొడవు. 2 మి.మీ. షీట్, 2 మి.మీ. లోపలి రేడియస్, బయటి కొలతలు 25, 30 అనుకోండి. రెండు కాళ్లలోంచి రేడియస్ ప్లస్ మందం, అంటే 4 చొప్పున తీసేస్తే 21, 26 మిగులుతాయి. 90 డిగ్రీల వంపులో పోయే మెటీరియల్ 1.57 (అంటే పైలో సగం) × (రేడియస్ 2 + 0.4 × మందం 2), సుమారు 4.4. మొత్తం 51.4 మి.మీ. ఆ 0.4, అంటే వంచినా సాగని, నొక్కుకుపోని పొర లోపలివైపు నుంచి మందంలో ఎంత భాగం దగ్గర ఉందో చెప్పే అంకె, అంచనా మాత్రమే కాబట్టి ఒక తుక్కు ముక్క వంచి, కొలిచి, తేడాని సరిచేసుకోండి.

అసలు కీలకం ముక్క వైస్‌లో కూర్చునే చోటు. కట్ చేసిన అంచుని ఆధారంగా పెట్టుకుంటే కటింగ్‌లో వచ్చిన తేడా అంతా వంపులోకి వస్తుంది, అందుకే నేను రంధ్రాలనే ఆధారంగా తీసుకుంటాను. ముక్కలన్నీ దొంతరగా బిగించి ఒకేసారి డ్రిల్ చేసి, బిగించే కాలులోని రెండు రంధ్రాలకు సరిపోయే రెండు పిన్నులు వెనక యాంగిల్‌కి పెట్టండి. పిన్నులు 1.5 మి.మీ. మాత్రమే బయటికి ఉండాలి, లేకపోతే ముందు యాంగిల్ ఆనదు. రంధ్రం అంచు వంపుకి కనీసం 7 మి.మీ. దూరంలో ఉండాలి, దగ్గరగా ఉంటే కోడిగుడ్డులా సాగిపోతుంది.

షీట్ వంగే వైపు యాంగిల్ మూలని 2 మి.మీ. రేడియస్‌కి ఫైల్ చేయండి. వదలగానే ముక్క రెండు మూడు డిగ్రీలు వెనక్కి వస్తుంది, కాబట్టి ఆ యాంగిల్ పైభాగాన్ని కూడా మూల నుంచి దూరం వెళ్లేకొద్దీ దిగేలా వాలుగా అరగదీయండి, 25 మి.మీ.కి 1.3 మి.మీ. దిగితే మూడు డిగ్రీలు. షీట్‌ని నేరుగా కొట్టొద్దు. ముక్క వెడల్పంతా ఆనేలా గట్టి చెక్క దిమ్మని వంపు దగ్గరే పెట్టి, నైలాన్ మాలెట్‌తో దిమ్మని కొట్టండి. చివర కొడితే కాలు విల్లులా వంగుతుంది. షీట్ ఆ వాలుకి పూర్తిగా ఆనేదాకా కొట్టి ఆపేయండి, కోణం కంటితో చూసుకోనక్కర్లేదు.

కొత్త షీట్ తెచ్చినప్పుడు మాత్రం మళ్లీ తుక్కు ముక్కతో చూడండి, ఒకే గ్రేడ్ అయినా లాట్ మారితే వెనక్కి వచ్చే కోణం మారుతుంది.