పాత మిలిటరీ కాగితాల్లో పేరు తప్పు పడితే ముందు ఎక్కడికి వెళ్లాలి

మా నాన్న పదిహేడేళ్లు సిపాయిగా చేసి ఇంటికొచ్చారు. ఆయన పోయాక అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ దగ్గర చిక్కు పడింది, ఎందుకంటే మిలిటరీ కాగితాల్లో ఉన్న ఆవిడ పేరూ ఆధార్‌లో ఉన్న పేరూ ఒకటి కాదు. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ బాధ చాలామందికి ఉంది. మాకు ఇది తేలడానికి రెండేళ్లు పట్టింది, అందులో సగం కాలం వెళ్లకూడని చోట్ల తిరగడంతోనే పోయింది. మీకు ఆ తిరుగుడు తప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. తేడా కనిపించగానే ఆధార్ సెంటరుకు పరిగెత్తకండి. ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ అయితే ఒక్కసారే. అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండా ఆ అవకాశం వాడేసుకుంటే, రేపు మిలిటరీ రికార్డులో ఇంకో రకంగా ఉందని బయటపడినప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

అందుకని ముందు ట్రంకు పెట్టె దించండి. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన ఆర్డరు), సిపాయిల సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్స్ ఆఫీసు నుంచి ఎప్పుడైనా వచ్చిన ఉత్తరాలు, పాత పెన్షన్ పుస్తకం, అన్నీ పక్కన పెట్టుకుని ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయండి. ఒక్కో గడిలో ఒక్కో కాగితం పేరు, కింద అందులో ఉన్న సిపాయి నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు, జిల్లా, భార్య పేరు, ఆవిడ పుట్టిన తేదీ. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎలా ఉంటే అలాగే అక్షరం అక్షరం ఎక్కించండి, మీకు తప్పనిపించినా దిద్దొద్దు. నంబరు చివర ఇంగ్లీషు అక్షరం ఉంటే దాన్ని వదలకండి, అదీ నంబరులో భాగమే. ఈ ఒక్క కాగితం తయారయ్యేసరికి సగం టెన్షన్ తగ్గుతుంది, ఎందుకంటే నిజంగా తేడా ఉన్నది ఒకటి రెండు చోట్లే అని కంటికి కనిపిస్తుంది.

మన వైపు కాగితాల్లో తప్పులా కనిపించి తప్పు కానిది జిల్లా పేరు. గజపతి జిల్లా పుట్టిందే 1992 అక్టోబరు 2న, గంజాం నుంచి విడగొట్టి. రాయగడ కూడా అదే రోజున కోరాపుట్ నుంచి విడిపోయింది. కాబట్టి అంతకుముందు చేరిన పర్లాకిమిడి మనిషికి గంజాం అనీ, గుణుపురం మనిషికి కోరాపుట్ అనీ ఉంటే అది సరైనదే. ఇంకా వెనక్కి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం కాకముందు చేరిన తాతల కాగితాల్లో అయితే మద్రాసు ప్రెసిడెన్సీ అనీ, కోరాపుట్, రాయగడ వైపు వాళ్లకు విశాఖపట్నం జిల్లా అనీ ఉంటుంది. దీన్ని దిద్దమని ఎవరినీ అడగక్కర్లేదు. ఫలానా ఊరు అప్పట్లో ఫలానా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఫలానా జిల్లాలో ఉంది అని తహసీల్దారు దగ్గర ఒక సర్టిఫికెట్ తీసుకుని జత చేస్తే చాలు. దీన్ని కూడా తప్పుల లిస్టులో కలిపి రాస్తే క్లర్కు అయోమయంలో పడి ఫైలు మొత్తం వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

అసలైన తప్పులు పేర్లలో ఉంటాయి, అవి ఎలా పుట్టాయో తెలిస్తే దిద్దించడం తేలిక. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడి ఆఫీసుల్లో చివర పెడతారు, దాంతో ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. ఇంటిపేరును పొడి అక్షరం చేస్తే ఇంకో గొడవ. ఆడవాళ్ల పేర్లకు ఇంకో బాధ ఉంది. పెళ్లయ్యాక నాన్న యూనిట్‌కు పంపిన సర్టిఫికెట్ ఊరి సర్పంచి ఒడియాలో రాసిచ్చినది. ఒడియాలో మన వ చాలాసార్లు బ అయిపోతుంది, వరలక్ష్మి బరలక్ష్మి, వెంకటమ్మ బెంకటమ్మ. మా అమ్మ పేరు కూడా అలాగే బతో మొదలై యూనిట్‌కు చేరింది, అక్కడ ఉన్నాయన విన్నట్టుగా ఇంగ్లీషులోకి దింపాడు, చివర అమ్మ అన్న రెండక్షరాలు ఎక్కడో రాలిపోయాయి. అదే పార్ట్ టూ ఆర్డరులోకి, అక్కణ్నించి పీపీఓలోకి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ చూడలేదు, అవసరం రాలేదు.

పార్ట్ టూ ఆర్డరు అంటే పెళ్లి, పిల్లలు, నామినీ లాంటివి సిపాయి రికార్డులోకి ఎక్కించే ఆర్డరు. సిపాయి చరిత్ర అంతా ఉండే కాగితాన్ని షీట్ రోల్ అంటారు. మీ ఇంట్లో ఉన్నది వీటిని చూసి రాసిన నకలు మాత్రమే, కాబట్టి తప్పు నకలు రాయడంలో జరిగిందా మూలంలోనే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. షీట్ రోల్‌లో పేరు సరిగ్గా ఉండి పీపీఓలోనే తప్పు పడి ఉంటే మీ పని సగం అయిపోయినట్టే, వాళ్ల కాగితమే మీకు సాక్ష్యం.

షీట్ రోల్ ఉండేది సిపాయి పనిచేసిన రెజిమెంటు లేదా కోర్ (అంటే సైన్యంలోని విభాగం) రికార్డ్స్ ఆఫీసులో, ఏ కోరో డిశ్చార్జి బుక్కులోనే ఉంటుంది. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కు బెంగళూరు, ఈఎంఈకి సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. ముందు మామూలు ఉత్తరం రాసి అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, షీట్ రోల్ నకలు, భార్య పేరు ఎక్కించిన పార్ట్ టూ ఆర్డరు నకలు కావాలని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నాన్నగారు లేకపోతే మరణ ధ్రువీకరణ పత్రం, పీపీఓ నకలు కూడా జత చేసి, దరఖాస్తు అమ్మ పేరు మీదే పెట్టండి. కొడుకుగా నేను పెట్టింది ముందు తిరిగొచ్చింది, అమ్మ వేలిముద్రతో పెట్టాక కాగితం వచ్చింది. పెన్షన్ లేకుండా మధ్యలో వచ్చేసిన సిపాయిల సర్వీసు కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్ అనే రిజిస్టరు మాత్రం ఉంచుతారు, కాబట్టి అలాంటివాళ్ల విషయంలో లాంగ్ రోల్‌లోని వివరాలు అడగాలి.

మూలంలోనే తప్పుందని తేలితే అప్పుడు అఫిడవిట్. నేను నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. పేరు మార్చుకోవడం వేరు, పేరు తప్పుగా నమోదవడం వేరు. నోటరీ దగ్గర కూర్చునే రైటరు తన దగ్గరున్న పాత నమూనా తీసి, నేను నా పేరు ఫలానా నుంచి ఫలానాగా మార్చుకున్నాను అని టైపు చేసేస్తాడు. అలా రాస్తే అవతలివాళ్లు పేపరు ప్రకటన ఏది, గెజిట్ ఏది అని అడుగుతారు, అడగడం న్యాయమే. మీ అమ్మ పేరేమీ మార్చుకోలేదు కదా. పుట్టినప్పటి నుంచి నా పేరు ఇదే, మిలిటరీ రికార్డులో ఇలా పొరపాటుగా పడింది, రెండు పేర్లూ నావే, నేను ఒక్క మనిషినే అని రాయించాలి. సిపాయి నంబరు, ర్యాంకు, కోర్, రెండు స్పెల్లింగులూ అందులో ఉండాలి. నోటరీ కంటే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందు చేయించిన అఫిడవిట్‌కు విలువ ఎక్కువ, ఒకరోజు పని పోయినా అదే చేయించండి. ఆంధ్రాలోని పాతపట్నం దగ్గరే కదా అని అటు వెళ్లి చేయించేవాళ్లున్నారు, మీ అడ్రసు ఒడిశాలో ఉంటే అన్నీ ఒడిశాలోనే చేయించుకోవడం మంచిది, సర్టిఫికెట్లన్నీ ఒకే రాష్ట్రానివి ఉంటే ప్రశ్నలు తక్కువ. ఒడియాలో, తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం చేయించి జత చేయండి, ఎక్కడో నాసిక్‌లో కూర్చున్నాయనకు ఈ రెండు లిపులూ రావు.

ఈ కట్ట మొత్తం నేరుగా పోస్టులో వేయకుండా, మాజీ సైనికుల పనులు చూసే జిల్లా సైనిక్ బోర్డుకు తీసుకెళ్లండి, అమ్మను కూడా వెంటబెట్టుకుని. వాళ్ల కవరింగ్ లెటరుతో వెళ్లిన ఫైలుకు రికార్డ్స్ ఆఫీసు త్వరగా కదులుతుంది. మా పని జరిగింది అక్కడే. పెన్షన్ కాగితాల్లో భార్య గుర్తింపు గుర్తులు కూడా రాస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. బోర్డులో ఉన్న పెద్దాయన, ఆయనా మాజీ ఫౌజీయే, పాత కాగితం మీద వేలు పెట్టి గడ్డం కింద కుడివైపు పుట్టుమచ్చ అని చదివి, తల్లీ ఒకసారి వెలుతురులోకి రండి అన్నారు. అమ్మ కొంగు సర్దుకుని కిటికీ దగ్గరకొచ్చి ముఖం పైకెత్తింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసి, ఉంది అని ఒక్క మాట అని, కాగితం మార్జిన్‌లో రాసి సంతకం పెట్టారు. రెండేళ్లలో మా అమ్మను చూసి, ఈవిడే ఆవిడ అన్న మొదటి మనిషి ఆయన. కాబట్టి మీరు గళ్ల కాగితంలో ఈ గుర్తులను కూడా ఎక్కించండి. నాన్నా అమ్మా కలిసి దిగిన జాయింట్ ఫోటో నకలు ఉంటే అది బంగారం.

ఇక పుట్టిన తేదీ. సిపాయి తన పుట్టిన తేదీ మార్చమంటే దాదాపు జరగని పని, చేరినప్పుడు రాసిందే ఖాయం, సర్వీసు చివర్లో అడిగినవాళ్లను కోర్టులు కూడా ఒప్పుకోవడం లేదు. దాని మీద డబ్బు, కాలం పెట్టకండి. భార్య పుట్టిన తేదీ అలా కాదు, దాన్ని తప్పకుండా చూసుకోవాలి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్లకు 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం అదనంగా వస్తుంది. రికార్డులో పుట్టిన తేదీ లేకపోయినా, ఐదేళ్లు చిన్నగా పడినా ఆ డబ్బు ఆగిపోతుంది. మన వైపు బడికి వెళ్లని పెద్దవాళ్ల ఆధార్‌లో తేదీ చాలాసార్లు జనవరి 1 అని ఉంటుంది, ఆపరేటరు ఉజ్జాయింపు వయసు చూసి వేసింది. అందుకే ఆధార్, పాన్, ఓటరు కార్డు మూడింట్లో ఒకే తేదీ ఉందా అని చూసుకున్నాకే రికార్డ్స్‌కు పంపండి. అమ్మకు ఎన్నేళ్లో మీకు నిజంగా తెలిసిందే రాయండి, పెన్షన్ కోసం వయసు పెంచి రాయించమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు, పిల్లల వయసులతో పోల్చి చూస్తే దొరికిపోతుంది, అప్పుడు నష్టపోయేది అమ్మే.

రికార్డ్స్ ఆఫీసు ఒప్పుకున్నాక వాళ్లే ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ ఆఫీసుకు పంపిస్తారు, అక్కడ సవరించిన పీపీఓ వస్తుంది. ఇప్పుడు మిలిటరీ పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉన్నాయి కాబట్టి లాగిన్ అయి ప్రొఫైల్‌లో అమ్మ పేరు, తేదీ, ఆధార్, పాన్ నంబర్లు కళ్లారా చూసుకోండి, లాగిన్ రాకపోతే కామన్ సర్వీస్ సెంటరులో చేయించుకోవచ్చు. రికార్డ్స్‌లో దిద్దకుండా స్పర్శ్‌లో ఒక్కచోటే మార్చమని పెడితే తిరిగొస్తుంది, నేను రెండుసార్లు పెట్టి చూశాను. ఎన్ని ఉత్తరాలు రాసినా కదలకపోతే, లేదా కుదరదని రాతపూర్వకంగా చెప్తే, ఒడిశా వాళ్లకు సైనికుల కేసులు విచారించే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచి ఉంది. ఆఖరి జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి, అందుకే వచ్చిన ప్రతి ఉత్తరం కవరు కూడా దాచండి, తేదీ ముద్ర దాని మీదే ఉంటుంది.

అసలు డిశ్చార్జి బుక్కు మాత్రం ఎవరు అడిగినా పోస్టులో పంపొద్దు, అటెస్టెడ్ నకలే పంపండి. సవరించిన కాగితం వచ్చిన రోజే, సంతోషంలో మడిచి లోపల పెట్టేయకుండా, మీ గళ్ల కాగితం పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి. మాకు వచ్చిన మొదటి కాగితంలో వ సరిగ్గా పడింది, చివర ఒక ఎం మాత్రం తగ్గింది. మర్నాడే రాశాం కాబట్టి ఇరవై రోజుల్లో మళ్లీ సరిచేసి పంపారు.