కొత్త కారు కొంటున్నారా? ఈఎంఐ కాదు, ముందు కొటేషన్ అడగండి

ఇప్పుడు షోరూంకి వెళ్లాక కారు సెలెక్ట్ చేసుకునేవాళ్లు తక్కువ, నెలరోజులు ఫోన్‌లో రివ్యూలన్నీ చూసి వేరియంట్, రంగు కూడా ఫిక్సయ్యాకే వెళ్తున్నాం, మంచిదే. కానీ అక్కడ కూర్చోగానే చూసిందంతా మర్చిపోయి "ఈఎంఐ నెలకెంత పడుద్ది" అని అడిగేస్తాం చూడండి, డబ్బులు పోయేది అక్కడే.

ముందు టెస్ట్ డ్రైవ్ సంగతి. షోరూం వాళ్లు తీసుకెళ్లే ఖాళీ రోడ్డు మీద ఏ కారైనా బాగానే ఉంటుంది. మీరు రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వెళ్తుంటే ఆ రూట్లోనే, ఆఫీస్ టైంలోనే నడుపుతానని అడగండి, కారు ఇంటికే తెప్పించుకుంటే ఇంకా మంచిది, సెల్లార్ ర్యాంప్ ఎక్కించి చూడొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లని ఎక్కించండి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, మేం దాదాపు ఫిక్సయిన కార్లో డోర్ పట్టుకుని ఒక కాలు లోపల పెట్టి రెండోది ఎత్తలేక అలాగే ఆగిపోయింది, ఇంక ఆ మోడల్ వదిలేశాం.

తర్వాత అదే వేరియంట్‌కి కనీసం ముగ్గురు డీలర్ల దగ్గర ఆన్‌రోడ్ ధర విడివిడిగా రాసి ఇమ్మనండి, వాట్సాప్‌లో పంపినా చాలు. ఎక్స్‌షోరూం (రోడ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర), లైఫ్ టాక్స్ (అదే రోడ్ టాక్స్) ఒకే ఊళ్లో ఏ డీలర్ దగ్గరైనా దాదాపు ఒకటే, తేడా అంతా ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, హ్యాండ్లింగ్ ఛార్జీల్లోనే. మా తమ్ముడి కొటేషన్‌లో "అదర్స్" అని 14 వేలు వేశారు, ఎందుకని అడిగితే సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్ అన్నారు, ఇంకో డీలర్ దగ్గర అసలు ఆ లైనే లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) 3 ఏళ్లకి తప్పనిసరి, కానీ ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని రూలేం లేదు, బయట రేటు చూపించి అడగండి, ఐడీవీ (బండి పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే దాని విలువ) రెండిట్లో ఒకటే ఉండాలి. కారు 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసే ఇన్‌కం టాక్స్) పడుద్ది, అది ఐటీ రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు, చాలామంది వదిలేస్తున్నారు. ఎలక్ట్రిక్ కారైతే తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు, కొటేషన్‌లో ఆ లైన్లు ఉంటే గట్టిగా అడగండి.

బేరానికి ఆషాఢం మంచి టైం, మనోళ్లు ఎవరూ కొనరు కాబట్టి సేల్స్ వాళ్లే ఫోన్ చేస్తారు. అప్పుడు రేటు మాట్లాడి బుక్ చేసి, శ్రావణంలో డెలివరీ తీసుకోండి, ఇంట్లోవాళ్లూ ఏమనరు. డిసెంబర్ ఆఫర్లు కూడా ఉంటాయి గానీ జనవరి రాగానే బండి పోయినేడాదిది అయిపోతుంది, రెండు మూడేళ్లలో అమ్మేసే ఆలోచనుంటే వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, రిజిస్ట్రేషన్‌కి ముందే స్టాక్‌యార్డ్‌కి (డీలర్ కొత్త బండ్లు ఉంచే చోటుకి) వెళ్లి మీ బండి చూసుకోండి. ఒకసారి మీ పేరు మీదకి వచ్చాక మార్చమంటే ఎవరూ మార్చరు. పగటి వెలుతురులో పెయింట్ చూడండి, కిలోమీటర్ల రీడింగ్ చూడండి, తయారైన నెల అడగండి. టైరు మీద నాలుగంకెలుంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం, స్టెప్నీతో కలిపి ఐదూ చూడండి. చాసిస్ నంబర్ ఫోటో తీసుకోండి, డెలివరీ రోజు పెద్దమ్మ గుడికి వెళ్లే తొందరలో ఉంటాం కదా, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టకముందే ఆ నంబర్ కలిపి చూసి, రెండో తాళం కూడా చేతిలోకి తీసుకోండి.