మిద్దె మీద సోలార్: సూర్యఘర్ దరఖాస్తు ఎలా పెట్టాలి, ఎక్కడ ఆగిపోతుంది

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఇంటి మిద్దె మీద సోలార్ పెట్టించుకుంటే మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు కేంద్రం రాయితీ ఇస్తుంది. మొత్తం 78 వేలు. అయిదు కిలోవాట్లు పెట్టించినా అంతకు మించి రాదు. కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఏపీఎస్పీడీసీఎల్ పరిధిలోనివే కాబట్టి దరఖాస్తు పోర్టల్‌లో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అడిగినచోట దాన్నే ఎంచుకోవాలి.

దరఖాస్తు నింపడానికి పావుగంట చాలు. నెలల తరబడి ఆగేవన్నీ దాదాపు బిల్లు మీద పేరు దగ్గరో, మిద్దె దగ్గరో ఆగుతాయి. అందుకే ఫోన్ తీసే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఎన్ని కిలోవాట్లు?

మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 దాకా ఇస్తుంది. ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని నెలసరి వాడకం తీయండి. ఏప్రిల్, మే బిల్లులు మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మన టారిఫ్ మెట్లమెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాట్లు కాక దాదాపు 1,673 రూపాయలు పడుతుంది. రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 60 మిగులుతాయి. వాటికి 147 రూపాయలే. అంటే రెండు కిలోవాట్లతోనే 1,526 రూపాయలు తగ్గాయి. మూడోది పెట్టించినా ఇంకో 147 కంటే తగ్గదు. సోలార్ ముందుగా కోసేది ఖరీదైన పైమెట్లనే. కొత్తగా ఏసీ కొనే ఆలోచన లేకపోతే ఈ ఇంటికి మూడోది దండగ. అమ్మేవాళ్లు మాత్రం మూడే చెప్తారు, రాయితీ ఎక్కువ కనిపిస్తుంది కదా.

ఇంకో మాట. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు లాగుతుంది. రోజుకు 12 గంటల చొప్పున నాలుగు ఫ్యాన్లు మారిస్తే నెలకు 65 యూనిట్లు తగ్గుతాయి. అర కిలోవాట్ సోలార్‌తో సమానం. ఫ్యాన్లు మార్చాకే సోలార్ లెక్క వేయండి.

బిల్లు మీద పేరు

సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్లే దరఖాస్తుదారు. చనిపోయిన నాయన పేరు మీదో, ఇల్లు అమ్మినాయన పేరు మీదో బిల్లు వస్తుంటే ముందు పేరు మార్పించుకోవాలి. వారసులైతే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం, కొన్న ఇల్లయితే రిజిస్టరు కాగితం సిద్ధం చేసుకోండి. బకాయి ఉంటే కట్టేయండి. వార్డు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటును గానీ, కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ(అసిస్టెంట్ ఇంజనీరు)ని గానీ కలిస్తే దారి చెప్తారు.

బిల్లులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో చివరన ఉండటం మన దగ్గర మామూలే. సోలార్ బిగించి నెలలైనా రాయితీ పడకపోవడానికి ఇదొక కారణం. మూడూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

మిద్దె

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. ఆర్‌సీసీ స్లాబయితే బెంగ లేదు. మట్టి మిద్దె, దూలాల మీద నాపరాళ్లు పరిచిన బండల మిద్దె అయితే బోల్టులు బిగించడం వద్దు. సోలార్ పలకలు మోసే చట్రం బరువుకు, గాలి లాగుడుకు బండ పగులుతుంది, వానకు కారుతుంది. గోడల మీద బరువు పడేలా స్తంభాలు లేపి కట్టించాలి. దాని ఖర్చు వేరే.

పలకలు దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలుతో ఉండాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క పలక మీద పడినా అదే వరసలోని మిగతావాటి ఉత్పత్తి కూడా దెబ్బతినవచ్చు.

దరఖాస్తు

పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి రాష్ట్రం, జిల్లా, డిస్కం ఎంచుకుని బిల్లు మీది 13 అంకెల సర్వీసు నంబరు కొట్టాలి. ఇటీవలి బిల్లు జతచేయాలి. పది కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేదు, ఆమోదం పొందినట్టే లెక్క.

ఆ తర్వాత పోర్టల్‌లో నమోదైన వెండర్‌ను, అంటే సోలార్ అమ్మి బిగించేవాళ్లను ఎంచుకోవాలి. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. అందులో పలకల కంపెనీ, వాట్లు, ఇన్వర్టర్ (పలకల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) మోడల్, చట్రం గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా వేసే జింకు పూత) మందం, ఎర్తింగ్ గుంతల సంఖ్య రాసివ్వమనండి. పలకలు దేశీయ సెల్స్‌తో తయారైనవే కావాలి. చవకని వేరేవి బిగిస్తే సీరియల్ నంబర్లు ఎక్కించేటప్పుడు రాయితీ పోతుంది. మెరుపు కడ్డీకి, ఏసీ కరెంటు వైపుకు, డీసీ కరెంటు వైపుకు వేర్వేరు ఎర్తింగ్ గుంతలు, అంటే మూడు ఉండాలి. ఒకే గుంతతో సరిపెట్టేవాళ్లతో జాగ్రత్త.

మూడు కిలోవాట్ల దాకా 2 లక్షల వరకు తనఖా లేని రుణం ఉంది. కేంద్రం రుణాల పోర్టల్ జన్‌సమర్థ్ ద్వారా దరఖాస్తు చేయొచ్చు. రాయితీ మీ ఖాతాకే వస్తుంది, వెండర్‌కు కాదు. కాబట్టి మొదట మొత్తం ధర మీరే కట్టాలి. అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది దశలవారీగా కట్టండి. నెట్ మీటర్ (లైన్ నుంచి తీసుకున్న కరెంటు, లైన్‌కు పంపిన కరెంటు రెండూ లెక్కించే మీటర్) పడేదాకా కొంత చేతిలో ఉంచుకోవడం మంచిది.

బిగించాక వివరాలు, ఫోటోలు పోర్టల్‌లో ఎక్కిస్తే డిస్కం వాళ్లు తనిఖీ చేసి నెట్ మీటర్ బిగిస్తారు. కమిషనింగ్ పత్రం (సోలార్ పనిచేయడం మొదలైందనే ధ్రువీకరణ) వచ్చాక బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు పెట్టి రాయితీ అడగాలి. సాధారణంగా 30 రోజుల్లో పడాలి. పడకపోతే పోర్టల్ హెల్ప్‌లైన్ 15555, కరెంటు ఫిర్యాదులకు 1912.

తర్వాత

గ్రిడ్‌కు, అంటే డిస్కం లైన్‌కు కలిపిన ఇన్వర్టర్ కరెంటు పోతే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. ఎండ మండుతున్నా ఫ్యాను తిరగలేదని వెండర్‌తో తగాదా పడొద్దు. బ్యాటరీ కావాలంటే ముందే చెప్పి హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవాలి.

వేడికి కూడా ఉత్పత్తి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక పలక వేడి ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున పడిపోతుంది కాబట్టి పలకకూ స్లాబుకూ మధ్య గాలి ఆడాలి. దుమ్ము కడగడం తెల్లవారుజామునే. కాగిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లు గట్టివైతే తెల్లమరకలు పేరుకుంటాయి, వీలైతే మంచినీళ్లు వాడండి. ఐదేళ్ల మెయింటెనెన్స్ వెండర్ బాధ్యత, కాగితం మీద రాయించుకోండి.